డెబ్బై ఎనిమిది కిలోల ఇసుక

ఆ షెడ్డులోకి వచ్చే ఏ వస్తువైనా ముందు కాటా ఎక్కాల్సిందే. అది అక్క పెట్టిన రూలు. మేకు కావచ్చు, మర కావచ్చు, జిగురు పూసిన చెక్కముక్క కావచ్చు, కాటా మీద పెట్టి, గోడకు వేలాడే పుస్తకంలో ఎన్ని గ్రాములో రాశాకే పనిలోకి తీసుకోవాలి. అందుకే తమ్ముడు ఆమెకి గ్రాములమ్మ అని పేరు పెట్టాడు. ఆమె మొగుడు ఎదురుగా ఆ పేరెత్తే సాహసం చెయ్యలేదు గానీ, చాటున ఆయన పిలిచేదీ అదే.

అక్క పగలంతా నీటి పంపుల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ, కిటికీలోంచి అదే సైకిల్ స్టాండు. పంపు ఎంత బరువున్నా ఎవరికీ పట్టదు. కదలకుండా ఒక మూల కూర్చునే వస్తువు కాస్త బరువుంటేనే మంచిదని మేనేజరే అంటాడు. అన్నేళ్ళ చిరాకంతా సాయంత్రాలు షెడ్డులో తీర్చుకుంటోందని ఆమె మొగుడి అభిప్రాయం. ఆయన వడ్రంగి. ఆమె గీసింది గీసినట్టు చెక్కడం తప్ప ఆయనకు వేరే పట్టింపుల్లేవు. ఆయన చిత్రిక పడితే చెక్క ఉల్లిపొరలా లేస్తుంది.

వాళ్ళు చేస్తున్నది ఒక్క మనిషి మాత్రమే కూర్చోగల మోటారు గ్లైడర్. పొడుగాటి రెక్కలు, సీటు వెనక చిన్న ఇంజను. ఇంజనుతో పైకెక్కాలి, అక్కడ దాన్ని ఆపేసి, గాలి ఎంతసేపు మోస్తే అంతసేపు తేలుతూ ఉండాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పిట్ట. కోరిక తమ్ముడిది. అతను సిటీ బస్సు డ్రైవరు. ఆదివారాలు ఊరి బయట గ్లైడింగ్ క్లబ్బుకు వెళ్తాడు. పదిహేనేళ్ళ అనుభవం, మంచి చెయ్యి అని క్లబ్బులో అందరూ అంటారు. కానీ అక్కడ గ్లైడర్లు రెండే, పైకి లాగే విమానం ఒకటే. పొద్దుటినుంచి వరసలో నిలబడితే సాయంత్రానికి ఇరవై నిమిషాలు దక్కుతాయి.

"వారమంతా నా వెనక అరవై మంది కూర్చుని తోసుకుంటుంటారక్కా," అన్నాడొకసారి. "ఒక్క సీటే ఉన్నది ఏదైనా నాకు చేసిపెట్టు."

అడిగింది తమ్ముడు. అడిగించుకున్నది ఇరవై రెండేళ్ళు పంపులు గీసిన మనిషి. ఇంక ఆలోచించడానికేముంది? ఆ వారమే ఆమె మొదటి గీత గీసింది.

అలాంటి చిన్న విమానాలకి ప్రభుత్వం పెట్టిన షరతు ఒకటుంది. ఖాళీ విమానం నూట ఇరవై కిలోలు దాటకూడదు. దాటితే వేరే తరగతిలోకి పోతుంది. వేరే పరీక్షలు, వేరే అనుమతులు, ఇంకో నాలుగేళ్ళు. మూడేళ్ళ పని తర్వాత మొదటిసారి తూచినప్పుడు పిట్ట నూట ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. అక్క మొహం మాడిపోయింది. మర్నాటినుంచి ముగ్గురూ కలిసి గ్రాములు చెక్కడం మొదలుపెట్టారు. వడ్రంగి రెక్కలోపలి చెక్కలకి కొత్త చిల్లులు పొడిచాడు. ఇనుప మరలు పోయి అల్యూమినియం మరలు వచ్చాయి. సీటు మీది మెత్త ఊడిపోయింది. ఉప్పుకాగితంతో రంగు రుద్దీ రుద్దీ వడ్రంగి వేళ్ళు పగిలిపోయాయి. ఒక్క వంద గ్రాములు తగ్గిన రోజు ఇంట్లో పండగే.

అలాంటి ఒక సాయంత్రమే ఆమె తమ్ముణ్ణి కాటా ఎక్కించింది. లెక్కల్లో అతని బరువు కావాలి. డెబ్బై ఎనిమిది వచ్చింది. ఎర్ర సిరాతో రాస్తూ, ఊరికే ఉండలేక ఒక మాట అనేసింది.

"ఇక్కడ మేం గ్రాములు చెక్కుతూ చస్తుంటే నువ్వు కిలోలు వెంటేసుకుని తిరుగుతున్నావేంట్రా."

వడ్రంగి పగలబడి నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. పొట్ట మీద తట్టుకుని, దీన్ని కూడా చిత్రిక పట్టమని బావకి చెప్పక్కా అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంది అక్క. చలికాలం అప్పుడప్పుడే మొదలవుతోంది.

పిట్టలో తమ్ముడు కూర్చునే చోటు రెక్కలకు ముందు. ఇంజనూ తోకా వెనక. అంటే అది ఒక తక్కెడ. ముందు మనిషి, వెనక తోక, మధ్యలో రెక్కలు. మనిషి బరువు చాలకపోతే తోక కిందికి లాగి ముక్కు పైకి లేస్తుంది, గాల్లో అలా లేచిన ముక్కుని దించడం ఎవరి వల్లా కాదు. తూకం ఎంత ముందుకు, ఎంత వెనక్కి జరగొచ్చన్న హద్దులు అక్క మూడుసార్లు లెక్కకట్టి ఉంచుకుంది. ప్రతి మార్పు తర్వాతా సీటులో బరువు పెట్టి తూచి చూసేది. తమ్ముడికి వారమంతా డ్యూటీలు, ఎప్పుడంటే అప్పుడు రాలేడు. అందుకని నాలుగు గోనెసంచుల్లో సరిగ్గా డెబ్బై ఎనిమిది కిలోల ఇసుక నింపించింది. వడ్రంగి వాటిని సీటులో మనిషిలా పేర్చి, పైన తమ్ముడి పాత డ్రైవరు టోపీ ఒకటి పెట్టాడు. ఆ రోజునుంచి వాటికి ఇసుక తమ్ముడు అని పేరు. అసలు తమ్ముడికంటే ఇతనే బుద్ధిమంతుడు, చెప్పిన టైముకి వస్తాడు, ఎదురు మాట్లాడడు అనేది అక్క.

నాలుగు నెలలకి పిట్ట నూట పంతొమ్మిది కిలోల ఎనిమిది వందలకి దిగింది. సరిగ్గా అప్పుడే తోక దగ్గర ఒక అతుకు విచ్చింది. వడ్రంగి దాన్ని విప్పి, లోపల ఇంకో పలచని చెక్క వేసి బిగించాడు. నూట తొంభై గ్రాములు. చూడ్డానికి ఏమీ కాదు, కానీ తోక చివర నూట తొంభై గ్రాములంటే సీటు దగ్గర కిలోలతో సమానం. అక్క మళ్ళీ ఇసుక తమ్ముణ్ణి కూర్చోబెట్టి తూచింది. తూకం వెనక హద్దుకి వేలెడు లోపల ఉంది. ముక్కులో రెండు కిలోల సీసం పెడితే బెంగ ఉండదు. పెడితే నూట ఇరవై దాటుతుంది. కాసేపు పెన్సిలు కొరికింది. తర్వాత డ్రాయింగు అంచున రాసింది, మనిషి బరువు డెబ్బై నాలుగు కిలోలకు తగ్గరాదు అని.

ఆ మాట ఒక రేకు మీద చెక్కించి సీటు ఎదురుగా బిగించడం ఎక్కడైనా ఉండే పద్ధతి. ఆ రేకు పధ్నాలుగు గ్రాములు, నూట ఇరవైకి మిగిలింది పదే. అయినా చదవడానికి ఎవరున్నారు? ఉన్నది ఒకటే సీటు, ఎక్కేది ఒకడే మనిషి, వాడి బరువు గోడ మీద ఎర్ర సిరాతో ఉంది. వాడు ముందునుంచీ బొద్దుగా ఉండే మనిషి. ఎక్కువైతే ఒక కిలో ఎక్కువవుతాడు గానీ తగ్గేది ఎప్పుడు? ఆ రేకు ఆమె బిగించలేదు.

ఆ మధ్యలో ఒక ఆదివారం తమ్ముడి మొహం చూసి, ఏంట్రా పీక్కుపోయావని అడిగింది. పన్ను పీకించుకున్నానక్కా, నమలలేకపోతున్నానన్నాడు. లావుపాటి చలికోటు తొడుక్కుని ఉన్నాడు. అర మిల్లీమీటరు తేడా వస్తే చెక్క వెనక్కి పంపించే మనిషి, ఆ జవాబుకి సరేనని తలూపి మళ్ళీ పిట్టలోకి తల దూర్చింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి తన కళ్ళ మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఎగరడానికి ముందురోజు క్లబ్బు మైదానంలో చిన్న చిన్న గెంతులు వేయించి చూశారు. నేల విడిచి మనిషెత్తు లేవడం, వెంటనే దిగడం. మూడోసారి దిగాక తమ్ముడు మొహమంతా నవ్వుతో వచ్చాడు.

"దీనికి నేనేమీ చెయ్యక్కర్లేదక్కా. ముక్కు దానంతటదే లేస్తోంది."

వాడికి అంత సంతోషం కలిగించే మాటలో తప్పు వెతకాలని ఆమెకి తోచలేదు. వాడు మెచ్చుకుంటున్నాడనుకుంది. మూడేళ్ళకు పైగా అలాంటి ఒక్క మెచ్చుకోలు కోసం చకోరపక్షిలా కాచుకుని ఉంది మరి. అదే మాట ముక్కూ మొహం తెలియని ఏ పైలటో అని ఉంటే ఆమె ఆ క్షణమే విమానాన్ని షెడ్డులోకి తోయించి మళ్ళీ కాటాలు తెప్పించేది. తమ్ముడన్నాడు కాబట్టి వీపు తట్టింది.

మర్నాడు ఉదయం గాలి లేదు. పిట్ట తేలిగ్గా లేచింది, అక్క అనుకున్నదానికంటే తొందరగా లేచింది. మూడు వందల మీటర్ల ఎత్తులో తమ్ముడు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దం కోసమే కదా ఇదంతా అని వడ్రంగి అంటుండగానే పిట్ట ఎడమకి తిరగబోయింది. ముక్కు పైకి లేచింది. ఇంకా లేచింది. ఒక్క క్షణం గాల్లో ఆగినట్టయింది. ఆ తర్వాత బొంగరంలా తిరుగుతూ కిందికి రావడం మొదలుపెట్టింది. తిరగడం ఆగలేదు. తోక చివరి పలక అటూ ఇటూ కదలడం కింద ఉన్నవాళ్ళకి కనిపిస్తూనే ఉంది, అంటే అతను చివరిదాకా చెయ్యాల్సిందంతా చేస్తూనే ఉన్నాడు. పారాచూట్‌తో దూకగలిగే ఎత్తు ఎప్పుడో దాటిపోయింది. మైదానం అవతల దున్నిన పొలంలో పడింది.

అక్క పరుగెత్తలేదు. వడ్రంగి పరుగెత్తాడు, ఆయనే ముందు చేరాడు, తను చెక్కిన చెక్కల్ని తనే విరగ్గొట్టి బావమరిదిని బయటికి తీశాడు. అప్పటికే ప్రాణం లేదు.

తర్వాతి పది రోజులూ ఆమె లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఏడవలేదు. ఎవరైనా ఓదార్చబోతే చెయ్యి అడ్డంపెట్టి మళ్ళీ కూడికల్లో పడేది. తప్పు దొరకాలి. రెక్క బలం సరిపోయింది, తోక వెడల్పు సరిపోయింది, అతుకులు ఊడలేదు. తప్పు దొరక్కపోతే తమ్ముడే తప్పు చేసినట్టు లెక్క. అది ఆమెకి మింగుడుపడటం లేదు. దొరికితే తను చంపినట్టు. అయినా దొరకాలనే వెతికింది.

విచారణకి వచ్చిన అధికారి నెమ్మదైన మనిషి. షెడ్డంతా తిరిగి చూశాడు. గోడ మీది పుస్తకం మొత్తం తిరగేసి, ఇంత శుభ్రమైన పని ఈమధ్య చూడలేదన్నాడు. ఆ తర్వాత పైలట్ బరువెంత అని అడిగాడు.

"డెబ్బై ఎనిమిది."

ఆయన తన ఫైలులో ఒక కాగితం వంక చూశాడు. ఆస్పత్రివాళ్ళు అరవై ఏడు రాశారు మేడమ్ అన్నాడు. వాళ్ళు ఇంకెవరి కాగితమో ఇచ్చి ఉంటారని అక్క విసుక్కుంది. తమ్ముడి బరువు తనకి తెలియదా? గోడ మీద రాసి ఉంది, మూలన ఇసుక సంచుల్లో ఉంది. కావాలంటే తూచుకోమంది.

అప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ వడ్రంగి గొంతు సవరించుకున్నాడు.

"వాడి బెల్టుకి నేను చిల్లులు పొడిచాను. మూడుసార్లు. ఒక్కోసారి ఒక్కోటి." ఆయన ఆమె వైపు చూడలేదు. "నీకు చెప్పొద్దన్నాడు. ఎగిరాక చెబుతానన్నాడు."

పదకొండు కిలోలు. పెన్సిలు అక్కర్లేకుండానే ఆమె తలలో లెక్క తిరిగింది. వేలెడు లోపల ఉండాల్సింది రెండు వేళ్ళు బయటికి పోయింది. ఇంజను మోగుతున్నంతసేపు అది ముక్కుని ఎలాగో కిందికి నొక్కి ఉంచి ఉంటుంది. ఆపాక నొక్కేవాళ్ళు లేరు. ముక్కు దానంతటదే లేస్తోందక్కా. వాడు చెప్పాడు కూడా. ఆమె కుర్చీ కోసం తడుముకుంది, దొరికేలోపే నేల మీద కూలబడిపోయింది. పది రోజుల ఏడుపు అప్పుడొచ్చింది.

రెండు రోజులు ఆగి తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు, ఇరుకు వరండా, తలుపు వెనక అతని డ్యూటీ కోటు ఇంకా వేలాడుతోంది. మరదలు మనిషి సగమైపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని ఆమే పిట్ట సంగతి ఎత్తింది. అక్క నోరు విప్పాల్సిన పని లేకుండా తనే చెప్పుకొచ్చింది. అక్కా బావా అంత కష్టపడుతుంటే తను మాత్రం పొట్ట వేసుకుని కూర్చోవడం సిగ్గుగా ఉందని ఆయన అన్నాడట. రాత్రి భోజనం మానేశాడట. డ్యూటీకి బస్సెక్కకుండా డిపోదాకా నడిచాడట. క్లబ్బులో గ్లైడర్లకి మనిషి యాభై అయిదు కిలోలుంటే చాలు, నేను దానికి చాలా పైన ఉన్నా, ఏం పర్లేదని ఆమెకి ధైర్యం చెప్పాడట. అక్కకి ముందే తెలిస్తే మజా ఉండదు, దిగగానే కాటా ఎక్కి చూపిస్తా, గ్రాములమ్మ నోరు వెళ్ళబెడుతుంది అన్నాడట.

"నేనే క్యారేజీలో సగం సగం సర్దేదాన్ని. ఆకలేస్తోందని ఒక్కరోజు కూడా అనలేదు." చేతిలో చీరచెంగు నలుపుతూ, తల ఎత్తింది. "ఆయన తగ్గింది విమానానికి కొంతైనా పనికొచ్చిందా, వదినా?"

అక్క ఆమె మొహంలోకి చూసింది. జీవితమంతా ఒక్క గ్రాము అటూ ఇటూ పోనివ్వని మనిషి.

"పనికొచ్చిందమ్మా. అందుకే అంత బాగా లేచింది."

మరదలు కళ్ళు తుడుచుకుంది. ఆ పూట మొదటిసారి కాస్త తిన్నదని తర్వాత పక్కింటావిడ చెప్పింది.

అధికారి మళ్ళీ వచ్చినప్పుడు, బరువు మార్పు పైలట్ చెప్పి ఉండాల్సింది కాబట్టి ముఖ్య కారణంగా అదే రాయబోతున్నానన్నాడు. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు. రేకు బిగించనిది తను. సీసం పెట్టనిది తను. ముక్కు లేస్తోందని చెబితే చెవిన పెట్టనిది తను. అతనికి తెలియజెప్పని హద్దుని అతను దాటాడని ఎలా రాస్తారని అడిగింది. అవన్నీ నిజాలేనని ఆయన ఒప్పుకున్నాడు. బరువుల అంకెలు వెనక పట్టికలో ఉంటాయి, తీసెయ్యడం కుదరదన్నాడు. వెనక ఉంటే ఉండనివ్వండి, మొదటి పేజీలో మాత్రం నా తప్పే ఉండాలి అంది. వెనక పేజీల పట్టికలు మామూలు మనుషులు చదవరని ఆమెకి ఫ్యాక్టరీ నేర్పింది.

నివేదిక ఎండాకాలంలో వచ్చింది. మొదటి పేజీలో కారణం అన్న చోట రూపకల్పన లోపం అని ఉంది. కింద, ఒప్పుకుంటున్నట్టు అక్క సంతకం.

ఆ వారమే ఒక మధ్యాహ్నం మరదలు షెడ్డుకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అక్కడ అడుగుపెట్టిన మనిషి కాదు. ఆ కాగితం చేతిలో ఉంది. వడ్రంగి లేచి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. గొంతు పెంచలేదు.

"పదకొండు కిలోలు తగ్గాడు వదినా. మీ కోసం కడుపు మాడ్చుకుని తగ్గాడు. అంత తగ్గినా మీ పిట్ట మోయలేకపోయింది."

వడ్రంగి నోరు తెరిచాడు. అక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవునమ్మా," అంది అక్క. "మోయలేకపోయింది."

మరదలు ఇంక మీ గుమ్మం తొక్కనని చెప్పి వెనక్కి తిరిగింది. వెళ్ళబోతూ మూలన ఇసుక సంచుల మీద ఉన్న టోపీ చూసి ఆగింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, చేతిసంచిలో పెట్టుకుంది. కింద ఉన్న ఆ సంచులేమిటని అడగలేదు. ఎండలోకి వెళ్ళిపోయింది.